పిచ్చాసుపత్రి మాట

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పాతపేపరు అనగానే మనకు గుర్తొచ్చే లెక్క ఒక్కటే, కిలో ఎంతకి పోతుందని. అలమార అరల్లో పరుస్తాం, పప్పుడబ్బాల కింద వేస్తాం, వడియాలు ఎండబెట్టేటప్పుడు పాతచీర కింద వేస్తాం. నేనూ అరవై ఏళ్ళ దగ్గరపడేదాకా అంతకుమించి ఆలోచించినదాన్ని కాను. అలాంటి నేను డెబ్భై ఎనిమిదేళ్ళనాటి పేపర్లకోసం రైలెక్కి వూరుగాని వూరు వెళ్ళానంటే, దానికి కారణం ఒక డాక్టరుగారు అడిగిన చిన్న ప్రశ్న.

2008లో మా అమ్మకి మతిమరుపు మొదలయింది. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోవడం, నన్ను మా పిన్ని పేరుతో పిలవడం, ఇలాంటివి. విశాఖపట్నంలోనే ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారు కాగితం ముందు పెట్టుకుని వరసగా అడుగుతూ, "మీ వంశంలో ఎవరికైనా మతి చలించిన జబ్బు వుండేదా?" అన్నారు. మా తమ్ముడు తడుముకోకుండా, "మా అమ్మమ్మకి వుండేదండీ. రంగూన్‌లో పిచ్చాసుపత్రిలో పెట్టారట" అని చెప్పేశాడు. ఆయన రాసుకున్నారు. పక్కనే కూచున్న మా అమ్మ తల వంచుకుంది. అంత మతిమరుపులోనూ ఆ మాట మాత్రం ఆవిడకి బాగానే తెలిసింది.

తెలియక ఏం చేస్తుంది? పుట్టినదగ్గర్నించీ ఆ మాట మోస్తున్న మనిషి. తాంబూలాలు పుచ్చుకున్న సంబంధం ఒకటి "పిచ్చాసుపత్రిలో పుట్టిన పిల్ల మాకొద్దు" అని తిరిగిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళకి గాని మా నాన్నగారితో పెళ్ళి కుదరలేదు. నా పెళ్ళిచూపుల్లో కూడా ఒక పెద్దాయన గొంతు తగ్గించి, "అమ్మమ్మగారి సంగతి ఏదో విన్నాం" అన్నారు. మా అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోవడం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

ఇంటికి వచ్చాక తమ్ముణ్ణి అడిగాను, "ఒరే, అమ్మమ్మని పిచ్చాసుపత్రిలో పెట్టారని నీకెవరు చెప్పార్రా?" అని. "అందరూ అనేవారు కదా" అన్నాడు. ఆ అందరూ ఎవరో చూద్దామనిపించింది.

మా అమ్మమ్మ వూరు కళింగపట్నానికి మూడు కోసుల దూరం. మావైపు రంగూన్‌ని రంగం అనేవారు. ఆ రోజుల్లో రంగం పోని ఇల్లు మా పల్లెల్లో తక్కువ. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల్లో పొగవోడ దూరంగా ఆగితే జనం పడవల్లో వెళ్ళి ఎక్కేవారు. కోతలయ్యాక వెళ్ళి, ధాన్యం మిల్లుల్లోనూ, రేవులోనూ బస్తాలు మోసి, నాలుగు డబ్బులు చేసుకుని తిరిగి వచ్చేవారు. వెళ్ళేవాళ్ళలో నూటికి తొంభైమంది మగవాళ్ళే. మా తాత బస్తాలు మోసే కూలీగా వెళ్ళి చిన్న మేస్త్రీ అయ్యాడు గనక అమ్మమ్మని వెంట తీసుకెళ్ళగలిగాడు.

మాకు మిగిలిన ఆస్తి ఒక రేకుపెట్టె. అందులో మనియార్డరు రసీదులు రెండు, అక్షరాలు చెరిగిపోయిన ఫోటో ఒకటి. ఇవిగాక అమ్మమ్మ మాటలు. ఆవిడ 1971లో పోయింది. మాట తక్కువ మనిషి. రంగం సంగతి అడిగితే ఎప్పుడూ ఒకటే చెప్పేది. "భూకంపం వచ్చింది, ఆపైన కొట్లాట వచ్చింది, మేం పిచ్చాసుపత్రిల ఉండిపోనాం, అక్కడే మీ అమ్మని కన్నాను" అని. ఎక్కడ వుండేవారే అంటే "నుయ్యి వీధి" అనేది. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఊళ్ళో తిరనాళ్ళయినా, ఊరేగింపయినా, జనం కేకలు వినబడితే చాలు, అమ్మమ్మ తలుపు గడియ వేసి పిల్లల్ని మూలకి తోసి తను అడ్డంగా కూచునేది. వణికిపోయేది. "చూశారా, ఇదే ఆ పిచ్చి" అనేవారు ఊళ్ళోవాళ్ళు.

సరే, వెతకడం ఎలాగ? మొదట నాకు తోచింది, ఓడ ఎక్కినవాళ్ళ పట్టీ ఎక్కడైనా వుంటుంది కదా అని. మారిషస్‌కి, దక్షిణాఫ్రికాలోని నేటాలుకి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన మన తెలుగువాళ్ళకి అటువంటి పట్టీలున్నాయి. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ నేటాలు చేరినదగ్గర్నించీ 1911 దాకా లక్షా యాభైరెండు వేలమంది వెళ్ళారు. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటిమీది మచ్చలు సహా రాసి పెట్టారు. మారిషస్‌లో అయితే మహాత్మాగాంధీ సంస్థలో కొందరివి ఫోటోలు కూడా భద్రపరిచారు. అక్కడి ముని మనుమలు ఆ కాగితం పట్టుకుని శ్రీకాకుళం, విశాఖ పల్లెలు వెతుక్కుంటూ వస్తున్నారంటే అందుకే. కాని బర్మాకి అలాంటి అదృష్టం లేదు. 1937 ఏప్రిల్ ఒకటిదాకా బర్మా మన దేశంలో ఒక రాష్ట్రం కిందే లెక్క. కాకినాడ నుంచి రంగం పోవడమంటే కాకినాడ నుంచి కలకత్తా పోయినట్టే. టిక్కెట్టు కొనుక్కుని ఎక్కేవాడి పేరు ఎవరు రాసుకుంటారు? పాత పేపర్లలో ఓడల రాకపోకల శీర్షిక ఒకటి వుండేది. అందులో గదుల్లో ప్రయాణం చేసిన దొరల పేర్లు, దొరసానుల పేర్లు వుంటాయి. పైతట్టు మీద ఎండలో కూచుని వెళ్ళిన మనవాళ్ళు ఒట్టి అంకె. ఆ అంకెలో ఒకటి మా తాత, ఒకటి అమ్మమ్మ.

కనక పేరుకోసం వెతకడం మానేశాను. అమ్మమ్మ చెప్పిన మాటల్నే పట్టుకుని, భూకంపం ఎప్పుడొచ్చిందో, కొట్లాట ఎప్పుడు జరిగిందో చూద్దామనుకున్నాను. భూకంపం సులువుగానే తేలింది. 1930 మే 5వ తేదీ సాయంత్రం వచ్చింది. పెగూ పట్టణం నేలమట్టమయింది. రంగూన్‌లోనూ ఇళ్ళు కూలాయి, మనుషులు పోయారు. కొట్లాట దగ్గర మాత్రం చిక్కొచ్చింది. రంగూన్‌లో పెద్ద కొట్లాటలు రెండు జరిగాయి, 1930లో ఒకటి, 1938లో ఒకటి. మా అమ్మ బళ్ళో వేసిన పుట్టినతేదీ ప్రకారం 1932. అదెలాగూ పంతులుగారు వేసిన లెక్కే గాని తల్లి చెప్పింది కాదు. భూకంపం, కొట్లాట ఒకదాని వెంట ఒకటి వచ్చాయన్న అమ్మమ్మ మాట నిజమైతే అది 1930 కావాలి.

ఇక పటం సంగతి. నాకు పటాలు చూడడం రాదు. చిన్నప్పుడు భూగోళంలో నా మార్కులు చెప్పుకోదగ్గవి కావు. మావారు మాత్రం రైల్వేలో పనిచేసి వచ్చినవారు, ఆయనకి ఓపిక. ఇంగ్లీషువాళ్ళ పాత యాత్రా గైడుల్లో రంగూన్ పటం ఒకటి మడిచి పెట్టి వుండేది. వాటిని ఇప్పుడు విదేశీ గ్రంథాలయాలవారు కంప్యూటరులో అందరూ చూసేట్టు పెట్టారు. మా మనవడు దాన్ని పెద్దది చేసి నాలుగు కాగితాల మీద అచ్చువేసి ఇచ్చాడు. వాటిని అతికించి భోజనాలబల్ల మీద పరుచుకుని ఇద్దరం కూచున్నాం.

రంగూన్ నడిబొడ్డు 1853 ప్రాంతంలో దొరలు గళ్ళు గీసి కట్టిన ఊరు. నది ఒడ్డునే స్ట్రాండు రోడ్డు. దానికి సమాంతరంగా నాలుగైదు పెద్ద రోడ్లు. వాటికి అడ్డంగా నది దాకా దిగే సన్నపాటి వీధులు, చాలావాటికి పేర్లు లేవు, నెంబర్లే. ఇప్పటి పటం తీసుకుంటే మనకేం పాలుపోదు. ఫ్రేజర్ వీధి ఇప్పుడు అనోరథ రోడ్డు. డల్హౌసీ వీధి మహాబందుల రోడ్డు. మొగలు వీధి ష్వేబొంథా వీధి. 1989 నుంచి రంగూన్ పేరే యాంగోన్. అందుకని ఏ కాలపు మనిషిని వెతుకుతున్నామో ఆ కాలపు పటమే కావాలి. మన వైపూ అంతే. మా అమ్మమ్మ పుట్టినప్పుడు వాళ్ళూరు గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. ఊరు అంగుళం కదలకుండా మూడు జిల్లాల్లో కాపురం చేసింది! పాత కాగితాల్లో శ్రీకాకుళం కోసం వెతికితే దొరకదు, చికాకోల్ అని చూడాలి.

నుయ్యి వీధి ఎంత వెతికినా కనబడలేదు. రంగూన్‌లో నూతులున్న వీధి పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తారా అని రెండురోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాం. మూడో రోజు మావారు కాఫీ తాగుతూ రేవు పక్క వీధుల పేర్లు పైకి చదువుతున్నారు. స్పార్క్సు వీధి, ఫేర్ వీధి, లూయిస్ వీధి... నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. లూయీ వీధి! అమ్మమ్మ నోట్లో అది నూయి అయింది, మాకు చేరేసరికి నుయ్యి అయింది. ఆ వీధి నదిమీదికి దిగినచోట ఓడరేవు వుంది. బస్తాలు మోసే మేస్త్రీ కాపురం వుండవలసిన చోటే అది. నాకు కళ్ళంట నీళ్ళు తిరిగాయి. చనిపోయిన ముప్ఫై ఏడేళ్ళకి అమ్మమ్మ చెప్పిన ఒక మాట నిజమని తేలింది.

అదే పటంలో ఊరికి ఎగువన ఇంకొక పేరు అచ్చుపడి వుంది. లూనటిక్ అసైలం. పిచ్చాసుపత్రి. మావారు ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. దారం పెట్టి దూరం మాత్రం కొలిచాను. నిండుచూలాలు మెల్లిగానైనా నడవగలిగిన దూరమే.

ఇంక మిగిలింది పేపర్లు. వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం అనే గ్రంథాలయం వుందని మీలో చాలామంది వినేవుంటారు. పాత తెలుగు పత్రికలు అక్కడ దాచినట్టు ఇంకెక్కడా దాచలేదని పేరు. (ఇప్పుడు పాత తెలుగు పత్రికలు చాలావరకు కంప్యూటరులోనూ చదువుకోవచ్చు గాని, ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. తెలిసినా వెళ్ళేదాన్నే అనుకోండి.) అక్కడ కొన్ని చూశాను. ఇంగ్లీషువి చెన్నైలో చూశాను. ఆ కాగితం అప్పడంకన్నా పెళుసు. పుట గబుక్కున తిప్పితే ముక్క చేతికొస్తుంది. కలం దగ్గర పెట్టుకోకూడదు, పెన్సిలే. చూసిన ప్రతిదానికీ తేదీ, పుట, ఎన్నో వరస అన్నదీ అప్పటికప్పుడు రాసుకోవాలి. ఒకటి రాసుకోక, తర్వాత దానికోసం ఒక పూటంతా పోగొట్టుకున్నాను.

అనుకున్నంత సులువుగా ఏమీ దొరకలేదు. 1930 మే నెలంటే ఉప్పు సత్యాగ్రహం ఉద్ధృతంగా వున్న రోజులు. గాంధీగారిని అరెస్టు చేసింది ఆ నెల మొదట్లోనే. ఏ పుట తిప్పినా ఆ వార్తలే. రంగూన్ ఎక్కడో లోపలి పుటలో, మందుల ప్రకటనల పక్కన, బొటనవేలంత. దానికితోడు ఆ ఏప్రిల్‌లోనే సర్కారు ప్రెస్ ఆర్డినెన్సు తెచ్చింది, ధరావతు కట్టం పొమ్మని కొన్ని పత్రికలు అచ్చు ఆపేశాయి. అంచేత మధ్యమధ్య సంచికలే లేవు. ఇంగ్లీషు పేపర్లలో 'తెలుగు', 'ఆంధ్ర' అని వెతుకుతూ మొదట్లో నేను రెండు రోజులు వృథా చేశాను. రంగూన్‌లో మనవాళ్ళని కొరింగీలు అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వచ్చిన పేరది. ఆ రేవు 1839 తుఫానుకి పాడయిపోయినా, పేరు మాత్రం శ్రీకాకుళం వాడికీ, రాజమండ్రి వాడికీ అందరికీ తగులుకుంది. గౌరవంగా పిలిచే పేరు కాదని వేరే చెప్పనక్కర్లేదు. ఆ మాట పట్టుకున్నాక వార్తలు ఒకటొకటే కనబడసాగాయి.

సంగతి ఇదీ. ఆ మే నెలలో రేవులో పనిచేసే మన తెలుగు కూలీలు కూలి చాలదని పని ఆపేశారు. ఓడలు నిలిచిపోయాయి. కంట్రాక్టర్లు బర్మా కూలీలని తెచ్చి పనిలో పెట్టారు. వాళ్ళూ లేనివాళ్ళే, పల్లెల్లో భూములు షావుకార్లపాలై పట్నం చేరినవాళ్ళు. తర్వాత మనవాళ్ళతో రాజీ కుదిరింది. 26వ తేదీ పొద్దున్న మనవాళ్ళు పనిలోకి వెళ్ళారు. ఇక మీరక్కర్లేదు పొమ్మని బర్మావాళ్ళని వెనక్కి పంపారు. రేవు దగ్గరే మాటామాటా పెరిగింది. అక్కణ్ణించి ఊరంతా అంటుకుంది. రెండుమూడు రోజులపాటు కత్తులతో, ఇనపచువ్వలతో కొట్టుకున్నారు. నూటికి పైగా మనుషులు పోయారు, ఎక్కువమంది మన తెలుగువాళ్ళు. పేపరుకి ఒక లెక్క వుంది. మద్రాసు పేపరు మనవాళ్ళ ప్రాణాలు లెక్కపెడితే, వర్తకుల పేపరు రేవులో నిలిచిపోయిన ఓడలని లెక్కపెట్టింది. అందుకని ఒక్క పేపరు చదివి ఇదే నిజం అనుకోవడానికి లేదు.

జూన్ మొదటి రోజుల సంచిక ఒకదానిలో, ఒక ఇంగ్లీషు వార్త అడుగున, నాలుగు పంక్తులున్నాయి. ఇళ్ళు వదిలి వచ్చిన కొరింగీలను వేల సంఖ్యలో పాత పిచ్చాసుపత్రి ఆవరణలో వుంచి పోలీసు కాపలా పెట్టారని. రోగులు లేని పాత ఆసుపత్రి అది. ఖాళీగా వుంది, చుట్టూ గోడలున్నాయి, అందుకని అక్కడ పెట్టారు.

ఆ నాలుగు పంక్తులు ఎన్నిసార్లు చదివానో నాకు తెలియదు. గ్రంథాలయంలో బల్లకవతల కూచున్న కుర్రవాడు, "ఏమండీ, మంచినీళ్ళు కావాలా?" అని అడిగాడు.

"మేం పిచ్చాసుపత్రిల ఉండిపోనాం" అనేది మా అమ్మమ్మ. నేను అని ఆవిడ ఏనాడూ అనలేదు, మేం అనే అనేది. ఆ మేం ఎవరని ఆవిడ బతికుండగా మేమెవరమూ అడగలేదు. నేను బి.ఏ. చదివాను, తమ్ముడు ఇంజనీరు. ఇద్దరమూ ఆవిడ ఒళ్ళో కథలు విన్నవాళ్ళమే. రంగం నుంచి తిరిగి వచ్చిన చుట్టం ఎవరో ఆ మాటలో సగం మోసుకొచ్చి ఊళ్ళో దించారు. ఆ చుట్టం కూడా ఎప్పుడో పోయారు, పేరెందుకు లెండి. మేస్త్రీ పెళ్ళాం ఒకతి నెలలు నిండి, మొగుడు ఏ వీధిలో వున్నాడో తెలియక, వేలమందిలో ఒక గోడవార పడుకుని పిల్లని కన్నది. మంత్రసాని ఎవరో, తాడూ బొంగరం లేనిచోట వేణ్ణీళ్ళు ఎవరు కాచారో తెలియదు. ఆ తర్వాత జీవితమంతా జనం కేకలు వింటే తలుపు గడియ వేసుకుందంటే అది పిచ్చి ఎలా అవుతుంది? నేనైతే ఇంకా ఎక్కువే చేసేదాన్ని.

మా తాత బతికే వున్నాడు. నాలుగైదు రోజులకి వెతుక్కుంటూ వచ్చి చేరాడట. ఆ వానాకాలం చాలామంది వెనక్కి వచ్చేసినట్టే అమ్మమ్మా పిల్లతో వచ్చేసింది. తాత మాత్రం మళ్ళీ వెళ్ళాడు. 1942లో జపానువాళ్ళు రంగూన్ పట్టుకున్నప్పుడు లక్షలమందితోబాటు అడవులూ కొండలూ పడి నడిచి వచ్చి, ఏడాది తిరక్కుండా పోయాడు. అది మరో కథ, మరో నాలుగు కట్టల పేపర్లు.

చెన్నై నుంచి రాగానే ఆ వార్త నకలు తీసుకుని డాక్టరుగారి దగ్గరకి వెళ్ళాను. ఆయన చదివి, ఏమీ మాట్లాడకుండా పాత కాగితం తెప్పించి, ఆ ఒక్క పంక్తి కొట్టేసి పక్కన సంతకం పెట్టారు. "మీ అమ్మగారి పుట్టినతేదీ కూడా మార్చాలి కదండీ, ఆవిడకి డెబ్భై ఆరు కాదు, డెబ్భై ఎనిమిది" అన్నారు నవ్వుతూ. అప్పటిదాకా నాకా లెక్క తట్టనే లేదు.

ఇంటికి వచ్చి అమ్మకి చదివి వినిపించాను. ఇంగ్లీషులో వున్నదాన్ని తెలుగులో చెప్పాను. పటం పరిచి, ఇదీ లూయీ వీధి, ఇదీ నువ్వు పుట్టిన చోటు అని వేలు పెట్టి చూపించాను. అమ్మ చాలాసేపు ఆ చోట వేలుంచి కూచుంది. "ఎంతమంది వున్నారని రాశారూ?" అంది. వేలమంది అన్నాను. "అంతమంది వున్నారా" అంది. మర్నాటికి ఆ సంగతి మరిచిపోయింది, మళ్ళీ చదివాను. ఆ తర్వాత ఆవిడ వున్న మూడేళ్ళూ, వారానికి రెండుసార్లయినా ఆ కాగితం తెచ్చి చదవమనేది. చదివిన ప్రతిసారీ కొత్తగా వినేది. ఒక సాయంత్రం మాత్రం, అంతా విన్నాక, "మా అమ్మ ఆ పూట ఏం తిన్నదో రాశారటే?" అని అడిగింది. లేదమ్మా, రాయలేదు అన్నాను. "పచ్చి బాలింత కదా, ఎవరైనా ఇంత కారప్పొడి అన్నం పెట్టేవుంటార్లే" అని, కాగితం మడిచి నా చేతికిచ్చింది.